మరిందూకెలో మొక్కుబడి

మా అమ్మాయి అయితే ఫిలిప్పీన్స్‌లో బోరకాయ్ పోదామంది. ఫోన్లో ఫోటోలు కూడా చూపించింది, పిండి ఆరబోసినట్టు తెల్లటి ఇసుక. తీరా మేం పోయింది అక్కడే మరిందూకె అనే దీవికి. కారణం, తను మనీలాలో అద్దెకుండే ఇంటి ఓనరమ్మ. మా అమ్మాయి ఆవిణ్ణి ‘తీతా’ అంటుంది, అంటే అత్త. నాకంటే ఏడేళ్ళు పెద్దది కాబట్టి నేను ‘ఆతే’ అన్నాను, అంటే అక్క. వరస కుదిరిపోయింది. నేను దిగిన రాత్రే అన్నం దగ్గర కూర్చోబెట్టి, "మా ఊళ్ళో ఈస్టర్ నాడు ఒకడి తల నరుకుతాం, వస్తావా?" అంది.

నేను తిరుపతి మనిషిని. తల నరికే పండగంటే ఎందుకు రాను?

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్తాను. మా ఊళ్ళో మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఆడవాళ్ళని చెరిచే పాళెగాణ్ణి చంపడానికి అమ్మవారు రోజుకో వేషం మారుస్తూ వెతుకుతుంది. దొర వేషం రోజున వాడు బయటపడతాడు, తల తెగుతుంది. జనం కూడా మొక్కుకుని వేషాలు కడతారు. ఒకరోజు ఒళ్ళంతా తెల్లగా, ఒకరోజు కుంకం, ఒకరోజు బొగ్గుపొడి. మా తమ్ముడికి చిన్నప్పుడు జబ్బు చేస్తే అమ్మ మొక్కుకుని వరసగా ఏడేళ్ళు వేషం వేయించింది. ఆ నాలుగైదు రోజులూ వాణ్ణి పేరు పెట్టి పిలవనిచ్చేది కాదు మమ్మల్ని.

అందుకని, పోయినేడాది ఏప్రిల్లో, 2025 ఈస్టర్‌కి ముందు మంగళవారం రాత్రి బస్సెక్కాం. (మేం తిరిగొచ్చాక జూన్ 8 నుంచి పద్నాలుగు రోజులకి ఇండియా వాళ్ళకి వీసానే అక్కర్లేదన్నారు. వీసాకి నేను పెట్టిన డబ్బు, తిరిగిన తిరుగుడు ఇప్పటికీ మండుతూనే ఉంది.) మనీలా నుంచి లుసేనా దాకా బస్సు, అక్కడ దలాహికన్ రేవులో పడవ. పడవంటే బస్సులూ లారీలూ కడుపులో పెట్టుకుపోయే ఓడ, మూడు గంటల ప్రయాణం. పండగ వారం కదా, దేశం మొత్తం సొంతూళ్ళకి బయల్దేరినట్టుంది. రాత్రి పదకొండుకి కదలాల్సిన మా ఓడ పొద్దున ఆరున్నరకి కదిలింది. ఎందుకో చెప్పినవాడు లేడు. రేవులో అట్టపెట్టెలు పరుచుకుని పడుకున్నాం. సంక్రాంతి ముందు హైదరాబాద్ బస్టాండు ఎలా ఉంటుందో అంతే, పక్కన సముద్రం ఎక్కువ.

నేను కట్టుకెళ్ళిన పులిహోర ఓడ మీద విప్పాను. అక్క ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగి, "ఇది అన్నంలో కలిపిన సినిగాంగ్!" అంది. సినిగాంగ్ వాళ్ళ చింతపండు పులుసు. ఆమె చుట్టూ కూర్చున్న ముసలమ్మలు తలా ఒక ముద్ద తీసుకున్నారు, నాకు మిగిలింది రెండు వేరుశనగ పలుకులు.

మరిందూకె మ్యాపులో చూస్తే గుండె ఆకారంలో ఉంటుంది, ఆరే ఆరు మున్సిపాలిటీలు. ఓడ ఆగే బలనకన్ రేవు మొగ్‌పొగ్‌లో ఉంది, చుట్టూ కొండలు. నేను సోషల్ టీచర్ని. దిగగానే అందరూ ఇంటికి పోదామంటే నేను కొండ మీది రాయి చూడాలన్నాను. 1911లో అమెరికా సర్వేవాళ్ళు ఫిలిప్పీన్స్ మ్యాపులన్నిటికీ కొలతల మొదలుగా పెట్టుకున్న గుర్తు అది. మెట్లెక్కి చూస్తే ఉన్నది చిన్న రాయే. "దీనికోసమా అమ్మా" అని మా అమ్మాయి మూతి ముడుచుకుంది. నాకైతే కడుపు నిండింది.

అక్కావాళ్ళ ఇల్లు బోవక్‌లో. ప్రావిన్సుకి అదే ముఖ్యపట్టణం, కానీ మా రేణిగుంట దీనికంటే హడావుడిగా ఉంటుంది. కింద రాతిగోడలు, పైన చెక్కమేడలు, కిటికీలకి గాజు బదులు పల్చటి గుల్ల పలకలు. ఎండ ఆ పలకల్లోంచి మజ్జిగలా దిగుతుంది లోపలికి. గుట్ట మీద చర్చి. చర్చి అంటే కోటే, ఎర్ర ఇటుకల మందపాటి గోడలు. సముద్రపు దొంగలు వచ్చినప్పుడు ఊరంతా అందులోకి దూరేవాళ్ళట. ఒకసారి ముట్టడిలో తిండి అయిపోతే మేరీ మాతని వేడుకున్నారట, తుఫాను లేచి దొంగలని తరిమేసిందట. ఆవిణ్ణి ‘బిగ్లాంగ్ అవా’ తల్లి అంటారు. బిగ్లా అంటే ఉన్నట్టుండి, అవా అంటే దయ. ఉన్నట్టుండి దయతలిచే తల్లి! ఈ పేరు పెట్టినవాళ్ళెవరో మనవాళ్ళకి చుట్టాలై ఉండాలి.

బుధవారం మధ్యాహ్నం మంచం మీద ఒరిగానో లేదో వీధిలో టక్, టకటక్, టక్ అని చప్పుడు. రెండు కొయ్యముక్కలు ఒకదాంతో ఒకటి కొట్టుకునే చప్పుడు. వాటిని కలుతాంగ్ అంటారు. గుమ్మంలోకి పోయి చూస్తే రోమన్ సైనికుడు. ఎర్రటి అంగవస్త్రం, ఛాతీకి కవచం, తల మీద కుచ్చు టోపీ, దాని కింద పెద్ద పెద్ద కళ్ళేసుకుని, పళ్ళు బయటపెట్టిన గడ్డపు ముఖం. మోరియోన్. ఈ వారమంతా వందల మంది ఇలా తయారై వీధుల్లో తిరుగుతారు, పిల్లల్ని జడిపిస్తారు. పేరు చెప్పరు, ముసుగు తియ్యరు. బయట పెనం మీద ఉన్నంత ఎండ.

గుమ్మంలో మోరియోన్ మాట్లాడకుండా నిలబడ్డాడు. అక్క లోపల్నుంచి నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చింది. ఆమె కూడా ఒక్క మాట అనలేదు, ఆ ముఖంలోకి చూడనూ లేదు. అతను గోడవైపు తిరిగి, ముసుగు గడ్డం దగ్గర కాస్త ఎత్తి తాగాడు. నేను కిందికి చూశాను. తోలు చెప్పులు, బురద పట్టిన పిక్కలు. కుడికాలి బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయి ఉంది, ఏదో బరువు పడ్డట్టు. సీసా వెనక్కిచ్చి టకటకమనుకుంటూ పోయాడు. "ఎవరక్కా?" అన్నాను. "ఏమో, ఎవరైతేనేం" అంది.

గురువారం కూడా అదే వేళకి అదే గోరు వచ్చింది.

ముసుగులు చెక్కే ఒకాయన దగ్గరికి మొగ్‌పొగ్ తీసుకెళ్ళమన్నాను. ముళ్ళకొమ్మలకి ఎర్రపూలు పూసే దప్‌దప్ అనే చెట్టుంది, దాని చెక్క వాడతారు. మన కొండపల్లి పొణికిలా తేలిక. ఆయన వెదురు చాప మీద కూర్చుని ముక్కు దూలాన్ని ఉలితో పొరలు పొరలుగా తీస్తున్నాడు, చెక్కపొట్టు ఆయన ఒళ్ళో కొబ్బరి కోరులా పడుతోంది. పాతదొకటి ఇచ్చి పెట్టుకోమన్నాడు. పైకి రంగులేసి నిగనిగలాడేది, లోపల గరుకు. ఎన్నేళ్ళ చెమటో, పుల్లటి వాసన. నా ఊపిరి నాకే వేడిగా తగిలింది. రెండు నిమిషాలు ఉండలేక తీసేశాను. దీంతో వారం రోజులు! "ముఖా" అన్నాడాయన, తన ముఖం చూపించి. తగాలోగ్‌లో ముఖాన్ని ముఖా అనే అంటారు. టీచరుని గురో అంటారు. నేను గురోనని చెప్పగానే ఇంకో కుర్చీ తెప్పించాడు. మా మండలంలో ఎవరూ తెప్పించరు.

ఇంతకీ కథేమిటంటే, శిలువ మీదున్న యేసుని ఈటెతో పొడిచిన సైనికుడు లాంగినస్. ఒంటికన్ను గుడ్డివాడు. పొడిచినప్పుడు చిమ్మిన రక్తం ఆ కంట్లో పడి చూపొచ్చింది. సమాధి దగ్గర కాపలా ఉండి, యేసు లేవడం చూసి, నోరు మూసుకోకుండా ఊరంతా చెప్పాడు. అందుకని తోటి సైనికులే తరిమి పట్టుకుని తల తీశారు. వేషం కట్టేవాళ్ళకి ఇది నాటకం కాదు, ‘పనాతా’. అక్క ఆ మాటకి అర్థం చెప్పడానికి ఇంగ్లీషులో తడుముకుంటుంటే నేనే అందుకున్నాను, మొక్కు అని. బిడ్డకి బాగైతే ఇన్నేళ్ళు కడతానని, అమ్మ ఆపరేషన్ గట్టెక్కితే కడతానని. ఎవరికీ తెలియకుండా ఉండటమే మొక్కులో సగమట. మా జాతరలో మాత్రం వేషం కట్టినవాడు బూతులు తిట్టొచ్చు, తిట్టాలి కూడా. ఆ మాట చెబితే అక్క పొట్ట పట్టుకుని నవ్వి, "మీదే నయం" అంది.

శుక్రవారం ఊరు మూగదైపోయింది. తలకి ఆకులు కప్పుకుని వీపు మీద కొట్టుకుంటూ నడిచే మగవాళ్ళని ఆంతీపో అంటారు. రక్తం చూసి నేను ముఖం తిప్పేసుకున్నాను, దాని గురించి ఇంకేం రాయలేను. మూడు గంటల తర్వాత స్నానం చెయ్యకూడదని అక్కావాళ్ళమ్మ హుకుం. దేవుడు చనిపోయిన వేళ నీళ్ళేమిటి అని. ఉక్కకి ఉడికిపోతూ పడుకున్నాం.

బీచ్ శనివారం. సాంతా క్రూజ్ వైపు బుయాబోద్ రేవు నుంచి, రెండు పక్కలా వెదురు రెక్కలు కట్టిన పడవలో మనివాయా దీవికి పోయాం. పోటు తగ్గినప్పుడు పలాద్ అనే చోట సముద్రం నడిమధ్య ఇసుకతిన్నె బయటపడుతుంది. చుట్టూ లేత ఆకుపచ్చ నీళ్ళు, మధ్యలో చాప పరిచినట్టు ఇసుక, దాని మీద రెండొందల మంది సెల్ఫీలు. పోటెక్కేకొద్దీ అందరం మధ్యకి జరుగుతూ, చివరికి మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడ్డాం. నాకు మాత్రం ఆ ముందురోజు పొద్దున చూసిన తోరిహోస్‌లోని పోక్తోయ్ తీరమే నచ్చింది. పేరుకి తెల్ల ఇసుక, నిజానికి పగడపు ముక్కలు కలిసి కాళ్ళకి గుచ్చుకుంటుంది. కానీ ఎదురుగా మలిందిగ్ కొండ. ఒకప్పటి అగ్నిపర్వతం, నెత్తిన మబ్బు గొడుగు. ఇక తిండంటారా, శనివారం నేను నీచు ముట్టను. పడవ వాళ్ళు బొగ్గుల మీద చేప కాలుస్తుంటే మా అమ్మాయి లాగించేసింది. నేను బెల్లప్పాకం అంటించి వేయించిన అరటికాయలు పుల్లకి గుచ్చి ఇస్తే నాలుగు తిన్నాను.

ఆ తోరిహోస్‌లోనే పులాంగ్ లూపా ఉంది. ఎర్రమట్టి అని అర్థం. 1900 సెప్టెంబర్ 13న మాక్సిమో అబాద్ మనుషులు అమెరికన్ కెప్టెన్ షీల్డ్స్ దళాన్ని అక్కడ ఓడించి పట్టుకున్నారు. ఆ కోపంతో అమెరికా పెద్ద సైన్యాన్ని దించి, పల్లెల జనాన్ని ఊళ్ళలోకి తోలి కాపలాలో పెట్టింది. స్పెయిన్‌ని తరిమేశామన్నవాళ్ళు చేసిన పని ఇది. నా టెన్త్ పుస్తకంలో ఫిలిప్పీన్స్‌కి ఇంత చోటు లేదు.

వచ్చే దారిలో బోవక్ నది వంతెన మీద అక్క ట్రైసికిల్ ఆపించింది. 1996 మార్చి 24న కొండ మీది రాగి గని గుంట అడుగున సొరంగం బిరడా ఊడి, పదహారు లక్షల ఘనపు మీటర్ల గని బురద ఈ నదిలోకి వచ్చేసింది. "చిన్నప్పుడు ఇక్కడ రొయ్యలు పట్టేవాళ్ళం" అంది అక్క. ఇంకేమైనా చెబుతుందేమోనని చూశాను. పోనివ్వమని ట్రైసికిల్ వాడి భుజం తట్టింది.

ఆదివారం పుగూతన్, తల నరికే ఘట్టం. లాంగినస్ జనం మధ్య నుంచి పరుగు. ఒకసారి దొరికి తప్పించుకున్నాడు, మళ్ళీ దొరికాడు, మళ్ళీ తప్పించుకున్నాడు. మా పక్కన ఐస్ అమ్మేవాడి బండి వెనక నక్కితే పిల్లలంతా వేలు పెట్టి చూపించేశారు, ద్రోహులు. కత్తి లేచింది, పడింది. ముసుగు కత్తి కొనకెక్కింది, ఒంటిని వెదురు పాడె మీద వేసి మోసుకుపోయారు. నా చేతులు వాటంతటవే దండం పెట్టాయి. మా అమ్మాయి, "అమ్మా, ఇక్కడ చప్పట్లు కొడతారు" అని గొణిగింది.

సోమవారం సాయంత్రం నాకే ఒక పండగ చేశారు. పూతోంగ్ అంటారు, అతిథికి కిరీటం పెట్టడం. కుర్చీలో కూర్చోబెట్టి, అక్కావాళ్ళమ్మా ఇంకో ఐదుగురు ముసలమ్మలూ పూలు పట్టుకుని, పాడుతూ అడుగులేస్తూ ఎదురొచ్చి, నెత్తిన పూలకిరీటం పెట్టి, పూలూ చిల్లరనాణాలూ నా మీద చల్లారు. ఒక నాణెం కళ్ళద్దాలకి ఠంగున తగిలింది. పెళ్ళిలో తలంబ్రాలు పడ్డాక ఇంత సిగ్గుపడలేదు నేను. ఆ ఐదు పెసోల బిళ్ళ ఇప్పుడు మా దేవుడి గూట్లో ఉంది.

మంగళవారం రేవుకి బయల్దేరుతుంటే అక్క తమ్ముడు వచ్చాడు. వారమంతా కనిపించలేదు. శాంతస్వభావుడు, నలభై ఉంటాయి, ముక్కు మీదా చెంపల మీదా చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. పని మీద గసాన్‌లో ఉన్నాడని అక్క చెప్పింది. మా బ్యాగులూ, దార్లో కొన్న ఉరారో బిస్కెట్ల పెట్టెలూ తనే మోశాడు. (ఉరారో అంటే పాలగుండ. చిన్నప్పుడు కడుపు చెడితే అమ్మ కాచి పోసేది కదా, అదే. వీళ్ళు పువ్వుల్లా ఒత్తి కాలుస్తారు, నోట్లో పడగానే పొడైపోతుంది.)

ఓడ మెట్ల దగ్గర సంచి అందించడానికి వంగాడు. రబ్బరు చెప్పుల్లో కుడికాలి బొటనవేలి గోరు నల్లగా ఉంది.

నేను చూడటం అక్క చూసింది. బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసి అతనికిచ్చాను. తాగి, మూత పెట్టి, తిరిగిచ్చాడు.