పాడింది ఎవరో చెప్పాలి కదా

టీచరుగారు ఆ మాట ఫోనులో అంత తేలిగ్గా ఎలా అనగలిగారా అని సాయంత్రం నుంచి ఆలోచిస్తున్నాను. "నాటికలో పాటలన్నీ మీ పాప చేత పాడించి రికార్డు చేస్తామండీ. స్టేజీ మీద నాయిక వేషం ఇంకో అమ్మాయి వేస్తుంది. ఆ అమ్మాయి పెదవులు కదిపితే చాలు" అన్నారు. చిన్నది పక్కనే ఉండి అంతా వింది. సరేనని తల ఊపి అట్టు తినడంలో పడిపోయింది. దానికేమీ అనిపించలేదు. నాకే అన్నం సహించలేదు.

ఇది చాలదన్నట్టు రాత్రి అది పెట్టిన సినిమా కూడా ఇదే కథ. సెలవులు మొదలైనప్పటి నుంచి మా ఇంట్లో పిల్లల ఇంగ్లీషు సినిమాలే నడుస్తున్నాయి. డిస్నీ వాళ్ళ 'డిసెండెంట్స్' మొదటి మూడు భాగాల పాటలూ దానికి కంఠతా వచ్చేశాయి. ఇప్పుడు సిండ్రెల్లా కథను ఈ కాలానికి మార్చి తీసిన 'ఎ సిండ్రెల్లా స్టోరీ' వరసలోవి ఒక్కొక్కటే చూస్తోంది. 2004లో హిలరీ డఫ్ నటించిన మొదటి దానిలో గాజు చెప్పుకు బదులు సెల్‌ఫోను జారిపడుతుంది. 2008లో వచ్చిన సెలీనా గోమెజ్ సినిమాలో పాటలు వినే ఎంపీత్రీ ప్లేయరు పడిపోతుంది. ఇవాళ్టిది 2011 నాటిది, లూసీ హేల్ నటించింది. అందులో ఏకంగా ఆ పిల్ల గొంతే పరులపాలవుతుంది. సవతి తల్లి నడిపే కళల పాఠశాలలోనే ఆమె చాకిరీ చేస్తూ బతుకుతుంది. పాట ఆమెది, పెదవులు కదిపేది సవతి తల్లి కూతురు. రికార్డింగు కంపెనీ పెద్దమనిషి కొడుకు ఆ గొంతు పెదవులు కదిపిన అమ్మాయిదే అనుకుంటాడు.

ఆ అబ్బాయి మీద వచ్చిన చిరాకు ఇంకా పోలేదు. మనసు పారేసుకున్నదే ఆ గొంతుకైతే, అదే గొంతు మామూలుగా మాట్లాడినప్పుడు తెలియదా? 2004 సినిమాలోనూ ఇంతే. నాయిక కళ్ళ చుట్టూ చిన్న ముసుగు పెట్టుకుంది, అంతే. నోరు, గడ్డం, జుట్టు అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. అయినా తన బడిలోనే చదివే అమ్మాయిని అందులో హీరో పోల్చుకోలేడు. అసలు సిండ్రెల్లా కథ నుంచే ఈ రాజకుమారుల తీరు ఇలా ఉంది. గ్రిమ్ సోదరులు అచ్చు వేసిన జర్మన్ కథ మరీ దారుణం. సవతి తల్లి కూతుళ్ళలో ఒకతె కాలి వేలు కోసుకుని, రెండోది మడమ కోసుకుని చెప్పులో కాలు పట్టిస్తే, ఒకరి తరువాత ఒకరిని గుర్రం ఎక్కించుకుని బయలుదేరతాడు ఆ మహానుభావుడు. చెప్పులో నెత్తురు ఉందని పావురాలు అరిచి చెప్పాలి! మూడు రాత్రులు ఆమెతో నాట్యం చేసినవాడు ఒక్కసారి తలెత్తి మొహం చూస్తే సరిపోయేది కదా. అంత ప్రేమ ఉన్నవాడికి ఆ మాత్రం గుర్తు ఉండదా? ఇదే మాట గట్టిగా అంటే చిన్నది, "అమ్మా, పాట వినపడటం లేదు" అని విసుక్కుంది.

నోరు మూసుకుని కూర్చున్నాను కానీ మనసు మా బడి వార్షికోత్సవానికి వెళ్ళిపోయింది. అప్పుడు తొమ్మిదో తరగతి. బాగా ఆడే అమ్మాయి ఒకతె ఉండేది, నేను బాగా పాడేదాన్ని. మా ఇద్దరికీ కలిపి ఒకే అంశం ఇచ్చారు. తను వేదిక మీద, నేను పక్క తెర వెనుక. సంగీతం మాస్టారు హార్మోనియం ముందు కూర్చుంటే, ఆయన పక్కనే ఒక మైకు, దాని ముందు నేను. తెర సందులోంచి నాకు కనిపించేవి ఆ అమ్మాయి వీపు, జడ, కాళ్ళ గజ్జెలు. నేను ఆ గజ్జెలనే చూస్తూ పాడాలి. తను చరణం మధ్యలో ఒక అడుగు తడబడితే మాస్టారు నావైపు చూశారు. నేను పల్లవి మళ్ళీ అందుకుని, తను నిలదొక్కుకునేదాకా రెండుసార్లు తిప్పి పాడాను. ఆఖరి చుట్టు పూర్తయ్యేవరకు చివరి స్వరం పట్టి ఉంచాను, ఊపిరి చాలక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చప్పట్లు మోగాయి. మైకులో ఆ అమ్మాయి పేరు చదివారు. తరువాతి అంశం పేరు చదివారు.

ఊరి నుంచి అమ్మమ్మ వచ్చింది ఆ రోజు. ముందు వరసలో కూర్చోబెట్టాం. తిరిగి వస్తుంటే రిక్షాలో, "ఆ పిల్ల ఆడుతూ ఆడుతూ అంత బాగా ఎలా పాడిందే! ఏం గొంతు, ఏం గొంతు!" అంది. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మంగళహారతులు నేర్పిన మనిషి ఆవిడ. సెలవులకు వెళ్తే తెల్లవారుజామున నా చేత పాడించుకుని గానీ పని మొదలుపెట్టేది కాదు. అమ్మ నిజం చెప్పబోతే నేను చెయ్యి నొక్కి ఆపాను. అమ్మమ్మ పోయేవరకు ఆ సంగతి ఆవిడకు తెలియదు.

ఇంతసేపూ ఆ అబ్బాయిని తిట్టాను. మరి అమ్మమ్మను ఏమనాలి? ఆవిడకు నా మీద ప్రేమ లేదని ఎవరన్నా ఊరుకోను. ఎదురుగా ఒక మొహం, కదులుతున్న పెదవులు ఉంటే చెవి కంటి వెంటే పోతుంది. ఇందులో ప్రేమకు వచ్చిన లోటు ఏమీ లేదు. గుర్రం మీద తప్పుడు పెళ్ళికూతురిని ఎక్కించుకున్నవాడిని ఇప్పటికీ క్షమించను కానీ, గొంతు పోల్చుకోలేని ఈ కుర్రవాడి మీద కోపం సగం తగ్గింది.

అలా అనుకుంటే మన సినిమాలన్నీ అంతే కదా. 'మిస్సమ్మ'లో సావిత్రి మొహానికి పి. లీల గొంతు. ఆ రెండూ వేరు వేరు మనుషులవని తెలిసినా, పాట నడుస్తున్నంతసేపూ నా మనసు ఒప్పుకోదు. భానుమతిగారిలా తన పాటలు తానే పాడుకున్నవాళ్ళు ఎంతమంది? గొంతు అరువివ్వడమే దొంగతనమైతే నాకు ప్రాణమైన పాటలన్నీ దొంగసొత్తే అవుతాయి. అది అన్యాయమైన మాట. తెర మీద లీల పేరు వేశారు. రేడియోలో పాట వేసేముందు పాడినవారి పేరు చెప్పేవారు. సినిమా చూసిన ప్రతివాళ్ళకూ లీల ఎవరో తెలుసు. మా వార్షికోత్సవంలో జరగనిది ఆ ఒక్కటే.

ఒక మంచి సంగతి కూడా రాయాలి. 2006లో వచ్చిన 'హైస్కూల్ మ్యూజికల్'లో హీరో జాక్ ఎఫ్రాన్ పాటల్లో ఎక్కువగా వినిపించే గొంతు డ్రూ సీలీ అనే గాయకుడిది. రెండేళ్ళకు ఆ సెలీనా గోమెజ్ సినిమాలో రాజకుమారుడి వేషం వేసింది ఆ సీలీయే. ఈసారి పాటా తనదే, మొహమూ తనదే. చిన్నదానికి చెబితే సినిమా ఆపి, ఆ పాట మళ్ళీ పెట్టి కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది.

రేపు ఉదయం టీచరుగారికి ఫోను చేస్తాను. పాడనివ్వనని అనను, అది ఇష్టపడి ఒప్పుకుంది. నాటిక అయ్యాక మైకులో చదివే కాగితంలో వేషాలు వేసిన పిల్లల పేర్లతో పాటు పాడిన పిల్ల పేరు కూడా రాయమంటాను. నటించే ఆ అమ్మాయి తల్లికి కష్టంగా ఉంటుందేమోనని ఈయన అంటున్నారు. ఎందుకుండాలి? నటించినందుకు ఆ పిల్ల పేరూ చదువుతారు కదా. చిన్నది మాత్రం, "వద్దమ్మా, నాకు సిగ్గు" అంటోంది. అయినా ఫోను చేస్తాను.