పల్చటి పుస్తకం, పదకొండు రోజులు

గోపీచంద్ నవల ‘అసమర్థుని జీవయాత్ర’ చదివావా అని ఎవరడిగినా పదేళ్లుగా ‘చదవాలండీ’ అంటూ నెట్టుకొచ్చాను. చివరికి ఓ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నలభై రూపాయలకి పాత కాపీ దొరికింది. పల్చటి పుస్తకం, ఒక్క పూటలో అయిపోతుందనుకున్నా. పదకొండు రోజులు పట్టింది.

మొదటి రోజు హాయిగానే సాగింది. సీతారామారావు గొప్పింటి బిడ్డ. వంశ ప్రతిష్ఠ నిలబెట్టమని తండ్రి పోతూ పోతూ చెప్తాడు. ఆ మాట పట్టుకుని ఇతను ఉన్నదంతా కరిగించేస్తాడు. ఎవరేమడిగినా లేదనలేడు. గోపీచంద్ అతణ్ణి తిట్టడు, జాలీ పడడు. అతని బుర్రలో తిరిగే మాటల్ని ఒక్కొక్కటే మన చేతికిస్తూ పోతాడు. తన పనులకి అతను చెప్పుకునే సమర్థింపులు ఎంత సబబుగా ఉంటాయంటే, సగం పేజీ దాకా తలూపేశాక గానీ ఎవరికి తలూపుతున్నామో తట్టదు.

మూడో రోజు మా బాబాయి గుర్తొచ్చాడు. రెండెకరాల మాగాణి అమ్మి, ఊళ్లో పెళ్ళిళ్ళకి ఘనంగా చదివింపులు చదివించిన మనిషి. ఆఖరి రోజుల్లో గోడకేసి తిరిగి పడుకునేవాడు, పలకరిస్తే పలికేవాడు కాదు. మేమంతా పొగరనుకున్నాం.

ఆ రోజు నుంచి రాత్రిళ్ళు చదవడం మానేశా. ఆఫీసుకెళ్లే బస్సులో, పగటి వెలుతుర్లో, రోజుకి పది పేజీలు. నా కాపీలో ఎవరో పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదివారు. భార్యాబిడ్డల మీద సీతారామారావు విసుగు ముదిరే దగ్గర్నుంచి ఒక్క గీతా లేదు. పుస్తకం ఫుట్‌పాత్‌కి ఎలా చేరిందో నాకర్థమైంది.

మధ్యలో ఏడు చేపల కథ వస్తుంది. గోరుముద్దలతో పాటు మింగిన కథ! దానికి గోపీచంద్ ఇందులో వేదాంతార్థం తీస్తాడు: గడ్డిమేటు అజ్ఞానమట, దాన్ని మేయాల్సిన ఆవు జ్ఞానమట. చేపా చేపా ఎందుకెండలేదు అన్నప్పుడు మనకి వినపడని ‘ఎందుకు’ ఇక్కడ వినపడుతుంది. అసలు ఈ నవలని ఆయన అంకితమిచ్చిందే, ‘ఎందుకు’ అని అడగడం నేర్పిన తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరికి. ఆ ప్రశ్నతో తండ్రి పురాణాల్ని నిలదీశారు. సీతారామారావు దాన్ని తనమీదికే తిప్పుకున్నాడు, జవాబూ దొరక్క, అడగడమూ మానలేక.

చివరి పేజీలు శనివారం మధ్యాహ్నం, ఇంట్లో అందరూ ఉండగా, కుక్కర్ కూతల మధ్య చదివా, కావాలనే. అతను శ్మశానంలో తనతో తానే కలబడుతుంటే ఎవరూ వచ్చి ఆపరు. రాసినాయనా ఆపడు. ఇంతకంటే బాగా ఎవరు రాయగలరనుకున్నా. మళ్ళీ జన్మలో ఈ పేజీలు తెరవననీ అప్పుడే అనుకున్నా. గోపీచంద్‌కి సాహిత్య అకాడమీ అవార్డు 1963లో, ఆయన పోయాక, ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కి వచ్చింది. దాన్నైతే మళ్ళీ చదువుతాను. కానీ నా ఓటు మాత్రం దీనికే.

ఆ సాయంత్రం పిన్నికి ఫోన్ చేశా. అదీ ఇదీ మాట్లాడి, బాబాయి ఆఖర్లో రాత్రిళ్ళు నిద్రపోయేవాడా అని అడిగా.

కాసేపు అవతల్నుంచి టీవీ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

“ఇప్పుడెందుకురా అది?” అంది.