మండ్లాలో ఒక నల్లచుక్క

చిత్రకారుడు సయ్యద్ హైదర్ రజా గీసిన బిందువులంటే నాకు చాలాకాలం చిన్నచూపే. 1947లో సూజా, హుసేన్, ఆరాలతో కలిసి బొంబాయిలో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు పెట్టి, చిత్రకళలో పాత పద్ధతులను ధిక్కరించిన మనిషి. చివరికి ఒక నల్లని గుండ్రం, దాని చుట్టూ త్రికోణాలు గీస్తూ ఉండిపోయాడేమిటని విసుక్కునేవాడిని. మొన్న శీతాకాలంలో వరంగల్‌లో సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కి జబల్‌పూర్‌లో దిగినప్పుడూ ఆ విసుగు పూర్తిగా పోలేదు.

అక్కడి నుంచి మండ్లాకు సుమారు వంద కిలోమీటర్లు. బస్సు దారిలో మొరాయించింది. రెండు గంటలు అడవి అంచునే నిలబడ్డాం. చంద్రుడు లేడు. మొదట చెట్లు మాయమయ్యాయి, తరువాత రోడ్డు, ఆఖరికి నా చేయి కూడా నాకు కనిపించలేదు. కండక్టర్ బీడీ వెలిగించుకున్నాడు. అంత చీకట్లో ఆ ఎర్రని నిప్పు ఒక్కటే. అందరం దానివైపే చూస్తున్నాం, మరెక్కడా చూపు నిలపడానికి ఏమీ లేదు కనుక.

రజా ఈ జిల్లాలోని బబరియాలో 1922లో పుట్టాడు. తండ్రి అటవీశాఖ ఉద్యోగి. చిన్నప్పుడు అడవి రాత్రులకు తాను ఎంత భయపడేవాడో, తెల్లవారితే ఎంత ఊరట కలిగేదో పెద్దయ్యాక కూడా చెప్పుకునేవాడు. బడిలో కుదురుగా కూర్చోని ఆ పిల్లవాడికి మాస్టారు గోడ మీద చుక్క పెట్టి, దాన్నే చూస్తూ ఉండమన్నారట. మనకైతే చుక్క అనగానే ముగ్గు గుర్తొస్తుంది, చేయి వెంటనే రెండో చుక్కకు పోతుంది. ఆయన మొదటి దగ్గరే ఆగాడు.

అదీ వెంటనే కాదు. 1950లో ఫ్రాన్స్ వెళ్లి, అక్కడి పల్లెలను, చర్చిలను గీసి, 1956లో విమర్శకుల పురస్కారం అందుకుని, దాదాపు మూడు దశాబ్దాల తరువాత ఆ గోడ మీది చుక్కకు తిరిగొచ్చాడు. 1981 నాటి ‘మా’ అనే కాన్వాసు మీద దేవనాగరిలో ఒక హిందీ కవితా పాదం కూడా రాశాడు. ఎనభైలనాటి ఆ బొమ్మల్లోని నలుపులో బరువుంది. రెండువేల తరువాతి వాటిలో కొన్ని మాత్రం అచ్చు గుద్దినట్టే ఉంటాయి. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

మర్నాడు పొద్దున నర్మద ఒడ్డుకు వెళ్లాను. సహస్రధార దగ్గర నల్లరాళ్లు నదిని పాయలు పాయలుగా చీలుస్తాయి. ఎండ ఇంకా రాతి అంచులనే తాకుతోంది, నడిమధ్య నలుపు అలాగే ఉంది. చలికి చేతులు చంకల్లో పెట్టుకుని చాలాసేపు చూశాను.

2016 జూలైలో ఢిల్లీలో కన్నుమూసిన రజాను, ఆయన కోరుకున్నట్టే, మండ్లాలో తండ్రి పక్కన ఖననం చేశారు. శ్మశానానికి దారి అడిగితే ఒక పెద్దాయన వెంట వచ్చాడు.

“బంధువులా?” అన్నాడు.

“కాదు, ఆయన బొమ్మలు చూసినవాణ్ణి.”

“గుండ్రాలు వేసేవారు కదా,” అని, సమాధి మీద రాలిన ఆకులను చేత్తో పక్కకు తోశాడు. తరువాత తండ్రి సమాధి మీదివి కూడా.