బాగా వేశావ్, ఇక డర్హమ్ వెళ్లు

నార్త్ కరొలినాలో మోరిస్‌విల్, కేరీ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి డర్హమ్ బుల్స్ బేస్‌బాల్ స్టేడియం అంటే ఎండాకాలంలో ఆఫీసువాళ్లు టీమ్ ఔటింగ్‌కి తీసుకెళ్లే చోటు. అక్కడ ఫ్రైస్ తింటాం, ఐదో ఇన్నింగ్స్‌కే పార్కింగ్ రద్దీ గురించి మాట్లాడుకుంటాం, ఎవరు గెలిచారో మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. నాకు మాత్రం ఆట కన్నా బుల్‌పెన్‌లో (బౌలర్లు వార్మప్ చేసే చోటు) వరసగా కూర్చునే రిలీవర్ల మీద ధ్యాస పెరిగింది. వాళ్ల ఉద్యోగం మన కన్సల్టెంట్ల బతుకులా ఉంటుంది మరి.

మొదలుపెట్టిన బౌలర్ (పిచర్ అనాలట, నాకు ఇప్పటికీ బౌలర్ అనే వస్తుంది) ఐదారు ఇన్నింగ్స్‌లకి అలిసిపోతే, ఆ తర్వాత ఒకటో రెండో ఇన్నింగ్స్ వేయడానికి వచ్చేవాళ్లే రిలీవర్లు. డర్హమ్‌ది ట్రిపుల్-ఏ జట్టు, అంటే మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద. జట్టు డర్హమ్‌దే కానీ ఆటగాళ్ల కాంట్రాక్టులు ఫ్లోరిడాలోని టాంపా బే రేస్ అనే మేజర్ లీగ్ జట్టు చేతిలో ఉంటాయి. ఎంప్లాయర్ ఒకడు, పని చేసే చోటు ఇంకొకటి. ఎక్కడో విన్నట్టు లేదూ?

లూయిస్ హెడ్ అని ఒకతను. 2012లో క్లీవ్‌లాండ్ జట్టు డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట) తీసుకుంది, 18వ రౌండ్‌లో. ఏళ్ల తరబడి కింది లీగుల్లోనే తిరిగాడు, కోవిడ్ ఏడాది ఆట లేక ఇంటింటికీ వెళ్లి సోలార్ ప్యానెళ్లు అమ్మాడు. 2021 ఏప్రిల్‌లో, 31 ఏళ్ల వయసులో, రేస్ తరఫున మొదటిసారి మేజర్ లీగ్‌లో ఆడాడు. ఆ ఏడాది అతని ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు) 2.31, అంటే చాలా బాగా వేసినట్టే. అయినా ఆ ఒక్క సీజన్‌లోనే అతన్ని డర్హమ్‌కి 12 సార్లు పంపారు.

తప్పేం చేశాడని? ఏమీ లేదు. పై జట్టులో 26 మందికే చోటు. రెండు రోజులు వరసగా వేసినవాడి చెయ్యి మూడో రోజు పనికిరాదు, తాజా చెయ్యి కావాలి. సీనియర్‌ని కిందకి పంపాలంటే వేరే జట్టు ఎగరేసుకుపోతుందన్న భయం, హెడ్ లాంటివాణ్ణి పంపితే ఆ బాధ లేదు. కాబట్టి రాత్రి బాగా వేస్తే భుజం తడతారు, పొద్దున్నే డర్హమ్ టికెట్ చేతిలో పెడతారు. తర్వాతి ఏడాది లీగ్‌కీ ఆటగాళ్ల యూనియన్‌కీ కుదిరిన ఒప్పందంలో సీజన్‌కి ఐదుసార్ల కంటే ఎక్కువ ఇలా పంపకూడదని రూల్ పెట్టారు, దాన్ని కొందరు హెడ్ పేరుతోనే పిలుస్తారు.

డబ్బు లెక్క చూస్తే ఇంకా చిరాకేస్తుంది. 2021లో మేజర్ లీగ్ కనీస జీతం ఏడాదికి 5,70,500 డాలర్లు, పైన ఉన్న రోజుకి దాదాపు 3,000. ట్రిపుల్-ఏలో కనీసం వారానికి 700, అదీ సీజన్ నడిచినన్నాళ్లే. 2022లో క్లబ్బులు వసతి ఇవ్వడం మొదలుపెట్టాయి, 2023లో యూనియన్ ఒప్పందం వచ్చాక ఏడాదికి 35,800 అయింది. పైన 43 రోజులు పూర్తయితే పెన్షన్‌కి అర్హత వస్తుంది, అందుకని ఒక్కో రోజూ లెక్కపెట్టుకుంటారు. గ్రీన్‌కార్డు ప్రయారిటీ డేట్ కోసం ఎదురుచూసేవాళ్లకి ఈ లెక్కపెట్టడం గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఒకటి దగ్గర్నుంచి చూడాలి. బుల్‌పెన్‌లో ఫోన్ మోగుతుంది. ఒకడు లేచి జాకెట్ తీసి మెల్లగా మొదలుపెట్టి స్పీడు పెంచుతాడు, క్యాచర్ గ్లోవ్‌లో బంతి పడ్డప్పుడు చప్పుడు సీట్ల దాకా వినిపిస్తుంది. ఇంతలో మైదానంలో డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు ఔట్) పడి ఇన్నింగ్స్ అయిపోతుంది. అతను మళ్లీ జాకెట్ వేసుకుని కూర్చుంటాడు. అన్ని బంతులు వేశాడు, చెయ్యి అలిసింది, స్కోరుబోర్డులో గానీ అతని రికార్డులో గానీ ఒక్కటీ ఎక్కదు.

ఆ కుర్రాళ్లలో డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా నుంచి వచ్చినవాళ్లు చాలామంది. మనదేశం నుంచీ రింకూ సింగ్ వచ్చాడు, ఉత్తరప్రదేశ్ కుర్రాడు, జావెలిన్ విసిరేవాడు. 2008లో ఒక టీవీ పోటీ గెలిచి, దినేశ్ పటేల్‌తో పాటు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో కాంట్రాక్టు సంపాదించాడు. ఎడమచేతి రిలీవర్‌గా 2012లో వెస్ట్ వర్జీనియా సింగిల్-ఏ జట్టు (ట్రిపుల్-ఏ కన్నా కింది మెట్టు) దాకా వచ్చాక గాయాలు, మోచేతి ఆపరేషన్. చివరికి కుస్తీ పోటీలకి వెళ్లాడు, డబ్ల్యూడబ్ల్యూఈలో వీర్ మహాన్ పేరుతో ఆడింది అతనే.

మైనర్ లీగుల్లోకి వచ్చే విదేశీయులకి ఒకప్పుడు హెచ్-2బీ (తాత్కాలిక పనివాళ్ల) వీసాలే, ఆ కోటా అయిపోతే ఆగిపోవాల్సిందే. 2006 చివర్లో చట్టం మార్చి పీ-1 (ఆటగాళ్ల వీసా) ఇచ్చారు. హెచ్-1బీలా లాటరీ లేదు, మనవాళ్లకి కుళ్లు పుట్టే సంగతే. అయితే క్లబ్ వదిలేస్తే హెచ్-1బీ వాళ్లకి ఉన్న 60 రోజుల గడువు పీ-1 వాళ్లకి లేదు. ఇంటికి వెళ్లే టికెట్ డబ్బులు మాత్రం క్లబ్బే పెట్టుకోవాలి.