ఇల్లు దొరికింది రెండు వారాల్లో, కాయితాలకి ఐదున్నర నెలలు

మేం ఇంగ్లండ్‌లోని రీడింగ్ అనే ఊళ్ళో ఇళ్ళు చూడ్డం మొదలుపెట్టింది 2024 సెప్టెంబర్ ఆఖర్లో. అక్టోబర్ రెండో వారానికల్లా ఒకటి కుదిరింది, మూడు బెడ్‌రూముల సెమీ (ఒక పక్క గోడ పక్కింటితో కలిసి ఉండే ఇల్లు), వెనకాల చిన్న కన్సర్వేటరీ (అద్దాల గది), 4,10,000 పౌండ్లకి ఆఫర్ ఒప్పుకున్నారు. అమ్మేది ఒక పెద్దాయన, కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు, ఇంకో ఇల్లు కొనేది లేదు, అంటే ఒకరి అమ్మకం ఇంకొకరి కొనుగోలు కోసం ఆగే 'చైన్' లేదు. "చైన్ లేదు కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు, క్రిస్మస్ మీ ఇంట్లోనే" అన్నాడు ఎస్టేట్ ఏజెంట్. తాళాలు మా చేతికొచ్చింది 2025 మార్చి 28న. ఈ మధ్యలో జరిగిందంతా రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుందేమో.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఒక మాట చెప్పాలి. మన గుంటూర్లో అయితే దస్తావేజు రాయించుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్ళి ఫోటో, వేలిముద్ర అయ్యాక మధ్యాహ్నం భోజనం టైముకి బయటపడొచ్చు, గొడవలేమైనా ఉంటే తర్వాత పదేళ్ళు కోర్టులో చూసుకుంటాం. ఇంగ్లండ్‌లో ఆ గొడవంతా ముందే. కొనేవాడికో సొలిసిటర్ (ఇలాంటి కాయితాలు చూసే లాయరు), అమ్మేవాడికో సొలిసిటర్, వాళ్ళిద్దరూ ఒకళ్ళకొకళ్ళు ఉత్తరాలు రాసుకుంటూ ఉంటారు, మనం బయట కూర్చుని చూస్తుంటాం. కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా, అంటే రెండు వైపులా సంతకాలు పెట్టిన ఒప్పందాలు మార్చుకునేదాకా, ఆఫర్ అనేది వట్టి నోటిమాట, ఎవరైనా ఏ రోజైనా తప్పుకోవచ్చు, ఇంకొకడెవడో ఎక్కువిస్తానంటే అటు అమ్మేసుకోవచ్చు. అందుకే ఆలస్యం అంటే వట్టి విసుగు కాదు, భయం కూడా.

మొదటి తప్పు నాదే. ఏజెంట్ చెప్పిన సొలిసిటర్‌నే పెట్టుకున్నా. ఫీజు తక్కువ, మా బ్యాంకు ఒప్పుకున్న లాయర్ల జాబితాలో ఉన్నారు, ఇల్లు తప్పిపోతే ఫీజు లేదు అన్నారు. ఆఫీసు ఎక్కడో రెండొందల మైళ్ళ దూరంలో, మనిషి మొహం చూసేది లేదు, అంతా ఒక వెబ్ పోర్టల్‌లో. ఏజెంట్‌కి వాళ్ళ దగ్గర్నుంచి రెఫరల్ ఫీజు (కేసు పంపినందుకు కమీషన్) ముడుతుందని మాకిచ్చిన కాయితాల్లోనే రాసుంది, నేనే చదవలేదు.

నవంబర్ మధ్యలో మార్ట్‌గేజ్ (ఇంటి లోన్) ఆఫర్ వచ్చేసింది, ఆరు నెలల గడువు. అప్పట్నుంచి నిశ్శబ్దం. ఈమెయిల్ పెడితే "ఐదు పని దినాల్లో జవాబిస్తాం" అని ఆటో రిప్లై, ఐదు కాస్తా తొమ్మిదయ్యేది. ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలు పియానో, ఆ తర్వాత ఎత్తినావిడకి మా ఫైలు గురించి ఏం తెలీదు. మా కేసు చూసే పారాలీగల్ (లాయరు కింద పనిచేసే మనిషి) డిసెంబర్‌లోగా ఇద్దరు మారారు, ప్రతి కొత్త మనిషీ మళ్ళీ పాస్‌పోర్ట్ పంపమన్నాడు. ఏది అడిగినా ఒకటే జవాబు, "అవతలి వాళ్ళ నుంచి సమాధానం రావాలి". నేను నమ్మా. మా ఆవిడ నమ్మలేదు. "అవతలివాళ్ళు నిజంగా ఇవ్వలేదని మీరు చూశారా?" అంది.

జనవరి రెండో వారంలో కొలతలు తీసుకోవాలి కర్టెన్ల కోసం అని వంక పెట్టి మళ్ళీ ఆ ఇంటికెళ్ళాం. పెద్దాయన టీ ఇచ్చాడు. మాటల్లో "మీ ప్రశ్నలన్నిటికీ మా సొలిసిటర్ డిసెంబర్ 12నే జవాబు పంపేసిందే, మీరు ఇంకా ఆలోచిస్తున్నారేమో అనుకున్నా" అన్నాడు! ఈమెయిల్ కాపీ కూడా చూపించాడు, దానికి అటాచ్‌మెంట్లు ఏడు. నెల రోజుల నుంచి మా సొలిసిటర్ ఇన్‌బాక్స్‌లో అది తెరవకుండా పడుంది, నాకేమో వారం వారం అవతలివాళ్ళ వైపు వేలు చూపిస్తున్నారు. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు, పాపం, చాలా మర్యాదగానే, "ఫిబ్రవరి దాటితే మా అమ్మాయి మళ్ళీ మార్కెట్‌లో పెట్టమంటోంది" అని. ఫోన్ నంబర్లు మార్చుకున్నాం. మొత్తం ఈ ఐదు నెలల్లో నేను చేసిన తెలివైన పని ఏదైనా ఉందంటే అదే. ఏజెంట్లు సాధారణంగా ఇలా నేరుగా మాట్లాడుకోవడం ఇష్టపడరు, కానీ తప్పేం లేదు, ధర గురించి మాట్లాడకుండా ఫైలు ఎవరి టేబుల్ మీద ఉంది అన్నదొక్కటే మాట్లాడుకుంటే చాలు.

ఆ రాత్రే కూర్చుని ఒక పట్టిక చేశా. డ్రైనేజీ సెర్చ్, లోకల్ అథారిటీ సెర్చ్, ఎన్విరాన్‌మెంటల్ సెర్చ్ (ఇంటి గురించి కౌన్సిల్, అంటే అక్కడి మున్సిపాలిటీ లాంటి చోట్ల చేయించే విచారణలు), కన్సర్వేటరీ కాయితం, కిటికీలు నిబంధనల ప్రకారం బిగించారనే ఫెన్సా సర్టిఫికెట్, డిపాజిట్ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఇలా ఒక్కొక్కటీ ఒక వరస, పక్కన "ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది", ఆ పక్కన తేదీ. సోమవారం సోమవారం దాన్నే పంపడం, ఖాళీలు నింపి తిరిగి పంపమనడం. "ఏమైంది అప్‌డేట్" అని అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అంటారు, ఖాళీ గడి చూపిస్తే మాత్రం ఏదో ఒకటి రాయక తప్పదు. అప్పుడే బయటపడింది, లోకల్ సెర్చ్ డబ్బు నేను అక్టోబర్‌లోనే కట్టినా వాళ్ళు ఆర్డర్ పెట్టింది నవంబర్ ఆఖర్లో అని.

మాకు తొందర ఇంకోటి కూడా ఉంది, స్టాంప్ డ్యూటీ. మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళకి 2025 మార్చి 31 దాకా 4,25,000 పౌండ్ల వరకూ పైసా లేదు, ఏప్రిల్ 1 నుంచి ఆ హద్దు 3,00,000కి దిగిపోతుంది, ఆపైన దానికి 5 శాతం. మా ఇంటికి లెక్కేస్తే 5,500 పౌండ్లు. కంప్లీషన్ తేదీనే, అంటే డబ్బంతా కట్టి ఇల్లు చేతికొచ్చే రోజునే, చూస్తారు, ఎక్స్ఛేంజ్ అయింది కదా అంటే కుదరదు. దేశంలో సగం మంది అదే వారంలో పూర్తి చేయాలని తోసుకుంటున్నారు, మా సొలిసిటరేమో నిద్రపోతున్నాడు.

ఈ మొదటిసారి అనే దాంట్లో మనవాళ్ళకి ఒక మెలిక ఉంది, చాలామందికి తెలీదు. మొదటి ఇల్లు అంటే బ్రిటన్‌లో మొదటిది అని కాదు, ప్రపంచంలో ఎక్కడా ఇల్లు ఉండకూడదు, వారసత్వంగా వచ్చినా సరే, ఇద్దరి పేరు మీద కొంటే ఇద్దరికీ ఉండకూడదు. హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉంటే ఆ రాయితీ పోవడమే కాక రెండో ఇల్లు కింద అదనంగా 5 శాతం పడే ప్రమాదం కూడా ఉంది. మా నాన్న రెండేళ్ళ కింద ఊళ్ళో ఇల్లు నా పేరు మీద రాసేస్తానంటే బద్ధకించి వాయిదా వేశా, ఆ బద్ధకానికి ఒక దండం. మా ఆవిడ పేరు మీద మా మావగారు ఇచ్చిన 200 గజాల ఖాళీ స్థలం ఉంది, అది ఇల్లు కిందకి వస్తుందా అని అడిగితే, రాదు, వట్టి స్థలమే కదా అని చెప్పడానికి మూడు వారాలు తీసుకున్నారు.

ఇక డిపాజిట్ డబ్బు సంగతి. దీంట్లో మాత్రం సొలిసిటర్‌ని పూర్తిగా తిట్టలేను, మనీ లాండరింగ్ రూల్స్ అలా ఉన్నాయి. 41,000 పౌండ్లలో 13 వేలు అమ్మానాన్న ఇచ్చింది. అప్పట్లో ఇండియా నుంచి గిఫ్ట్‌గా పంపితే ఒక మనిషికి ఏడాదికి 7 లక్షల రూపాయలు దాటినదాని మీద 20 శాతం టీసీఎస్ అనే పన్ను బ్యాంకులోనే పట్టుకునేవాళ్ళు, అందుకని తెలివిగా నాన్న ఏడు, అమ్మ ఏడు పంపారు. ఆ తెలివి ఇక్కడ బెడిసికొట్టింది. ఇచ్చేవాళ్ళు ఇద్దరు కాబట్టి గిఫ్ట్ లెటర్లు రెండు, పాస్‌పోర్ట్ కాపీలు నోటరీ చేయించి రెండు, ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు రెండు సెట్లు, ఆపైన "మీ అమ్మగారి అకౌంట్లోకి ఒక మగ వ్యక్తి ఏడు లక్షలు వేశాడు, ఆయనెవరు?" అని ప్రశ్న. ఆయన మా నాన్నండీ బాబూ!

తర్వాత నాన్నకి ఆ డబ్బెక్కడిది అన్నారు. 2019లో తెనాలి దగ్గర అర ఎకరం అమ్మాడు, ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాడు, అదే తీసి పంపాడు. అయితే ఆ సేల్ డీడ్ పంపండి అన్నారు. పంపాం. వారం తర్వాత పారాలీగల్ ఈమెయిల్, "డాక్యుమెంట్ స్కాన్ సరిగ్గా రాలేదు, అక్షరాలు చదవడానికి వీలుగా లేవు". చూస్తే స్కాన్ అద్దంలా ఉంది, అది తెలుగు! సర్టిఫైడ్ ట్రాన్స్‌లేటర్‌ని వెతికి పట్టుకుని పదకొండు పేజీలు ఇంగ్లీషు చేయించాం, తూర్పు హద్దు ఫలానావారి చేను, పడమర డొంక దారి అన్నీ కలిపి. డొంక అంటే ఏంటి అని అడక్కుండా వదిలేసినందుకు సంతోషం.

అన్నిటికన్నా కష్టమైంది గిఫ్ట్ లెటర్ మీద నాన్న చేత సంతకం పెట్టించడం. ఈ డబ్బు అప్పు కాదు, తిరిగి అడగను, ఈ ఇంట్లో నాకు ఏ హక్కూ ఉండదు అని ఉంటుంది అందులో. వీడియో కాల్‌లో రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఒరేయ్, నా కొడుకు ఇంట్లో నాకు హక్కు లేదని నేనే రాసివ్వాలా?"

"బ్యాంకు వాళ్ళ కోసం నాన్నా, ఊరికే ఫార్మాలిటీ."

"ఊరికే అయితే వద్దని చెప్పు వాళ్ళకి."

మూడు రోజులు అలిగాడు. అమ్మ ఏం చెప్పిందో ఏమో నాలుగో రోజు సంతకం పెట్టి కొరియర్ చేశాడు.

అన్నీ ఇచ్చాం, ఫిబ్రవరి రెండో వారం వచ్చింది, మళ్ళీ పట్టికలో గళ్ళు ఖాళీ. అప్పుడు మా ఆఫీసులో ఒక అక్క చెప్పింది, "నువ్వు బతిమాలుతున్నావు, కంప్లైంట్ అనే మాట రాయి" అని. ఆ మాట రాస్తే కథే వేరు. ప్రతి లా ఫర్మ్‌కీ కంప్లైంట్ పద్ధతి అని ఒకటి ఉండి తీరాలి, ఎనిమిది వారాల్లో తేల్చకపోయినా, తేల్చింది మనకి నచ్చకపోయినా లీగల్ ఆంబుడ్స్‌మన్ (లాయర్ల మీద ఫిర్యాదులు తేల్చే సంస్థ) దగ్గరికి వెళ్ళొచ్చు. నాకు ఎనిమిది వారాలు ఆగే టైం ఎక్కడిది, కానీ వాళ్ళని కదిలించడానికి ఆ ఉత్తరం చాలు. కోపం లేకుండా, తేదీలతో, డిసెంబర్ 12 ఈమెయిల్ జనవరి మధ్యదాకా తెరవలేదు, సెర్చ్ ఇన్ని వారాలు ఆలస్యంగా ఆర్డర్ చేశారు, మార్చి 31 దాటితే నాకు 5,500 నష్టం, దానికి బాధ్యులు ఎవరు అని ఒక పేజీ రాసి పైనున్న పార్ట్‌నర్ పేరుకి పంపా. రెండో రోజు పొద్దున్నే ఆవిడే ఫోన్ చేసింది. కొత్త మనిషిని పెట్టింది, ఈసారి నిజంగా పనిచేసే అమ్మాయి, నేరుగా తన నంబరిచ్చింది. నాలుగు నెలల్లో కానిది మూడు వారాల్లో అయింది.

ఫర్మ్ మార్చేద్దామని కూడా అనుకున్నా గానీ అప్పటికి సగం దూరం వచ్చేశాం, కొత్తవాళ్ళు మళ్ళీ మొదట్నుంచి చదువుతారు, బ్యాంకుకి మళ్ళీ చెప్పాలి. నవంబర్లో అయితే మార్చేసేవాణ్ణి.

కన్సర్వేటరీ దగ్గర ఒక గండం తప్పింది. దానికి బిల్డింగ్ రెగ్యులేషన్స్ కాయితం దొరకలేదు, నేనే కౌన్సిల్‌కి ఫోన్ చేసి కనుక్కుందామని నంబరు కూడా నొక్కబోయా. ఆ అమ్మాయి "చేయొద్దు!" అంది. ఇలాంటివాటికి ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ (కాయితం లేకపోవడం వల్ల తర్వాత నష్టమొస్తే కట్టే బీమా) తీసుకుంటారట, కౌన్సిల్‌కి మనమే చెప్పేస్తే ఆ పాలసీ ఇక ఇవ్వరు. పాలసీ డబ్బు పెద్దాయనే కట్టాడు.

మార్చి 21 శుక్రవారం ఎక్స్ఛేంజ్. అంతకుముందు డిపాజిట్ పంపేటప్పుడు అకౌంట్ నంబర్ ఈమెయిల్‌లో వచ్చింది చూసి పంపకుండా, ముందునుంచీ మా దగ్గరున్న ఆఫీసు నంబరుకి ఫోన్ చేసి అంకె అంకె చదివించుకుని, ముందు ఒక పౌండ్ పంపి, అందిందన్నాక మిగతాది పంపా. మధ్యలో దొంగ ఈమెయిల్ దూరి జీవితమంతా దాచుకున్న డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు ఇక్కడ ఉన్నారు.

28 శుక్రవారం మధ్యాహ్నం రెండు నలభైకి ఏజెంట్ తాళాలిచ్చాడు. అమ్మకి ఫోన్ చేస్తే "ఇవ్వాళ చతుర్దశి, రేపు అమావాస్య, పైగా గ్రహణం, గడప తొక్కితే ఊరుకోను, ఎల్లుండి ఉగాది, పొద్దున్నే పాలు పొంగించండి" అంది. తాళాలు జేబులో పెట్టుకుని రెండు రోజులు అద్దింట్లోనే ఉన్నాం. శనివారం పొద్దున సూర్యుడు నిజంగానే ఒక పక్క కొరికినట్టు కనిపించాడు ఇక్కడ. ఆదివారం ముహూర్తానికి బయల్దేరితే ఇంకో తమాషా, ఆ రాత్రే గడియారాలు గంట ముందుకి జరిపారు, మేం మర్చిపోయాం, ఫోన్ దానంతటది మారింది, వంటింటి గోడ గడియారం మారలేదు, మా ఆవిడ దాన్ని చూస్తూ తీరిగ్గా తయారవుతోంది. ఎలాగో పది నిమిషాలు ఉందనగా చేరి పాలు పొంగించాం.

జూన్‌లో నాన్న అడిగాడు, "దస్తావేజు ఏదిరా, ఒకసారి చూపించు" అని. ఇక్కడ దస్తావేజు ఉండదు నాన్నా, లాండ్ రిజిస్ట్రీలో కంప్యూటర్‌లో పేరెక్కుతుంది, అంతే అన్నా. సొలిసిటర్ వాళ్ళు ఎక్కిందో లేదో కూడా చెప్పలేదు, నేనే ఏడు పౌండ్లు కట్టి డౌన్‌లోడ్ చేసుకున్నా, మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. రెండు పేజీల పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపా. నాన్న దాన్ని బ్రాడీపేటలో జిరాక్స్ షాపుకి తీసుకెళ్ళి కలర్ ప్రింట్ తీయించి, లామినేషన్ చేయించి, తెనాలి పొలం కాయితాలున్న బీరువా అరలోనే పెట్టాడని అమ్మ చెప్పింది.