అరవై రోజుల్లో నలభై మూడో రోజు

2023 జూన్ 19, సోమవారం. అనంతపురంలో బాలల సంక్షేమ కమిటీ ముందు కూర్చొని, వారం రోజుల నా కొడుకును దత్తతకు అప్పగిస్తున్నట్టు సంతకం పెట్టినాను. పెన్ను పట్టుకున్నప్పుడే పాలు చేపుకొచ్చి రవిక తడిసింది. పెద్దమ్మ గమ్మున నా పైట సర్దింది.

వాని నాయన అప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలీదు. డిగ్రీ మూడేళ్లూ ఉరవకొండ నుంచి ఒకే బస్సులో వచ్చిపోయినోళ్లం, ఆ తర్వాత కూడా విడిచి ఉండలేనోళ్లం. కులాలు వేరే. వాళ్లింట్లో గొడవ ముదిరినాక "నన్ను మర్చిపో" అని ఒక్క మెసేజ్ పెట్టి బెంగళూరుకు పోయినాడు. నంబరు కూడా మార్చేసినాడు. నెల తప్పిన సంగతి నేను గుర్తుపట్టేసరికి ఐదో నెల. మాయమ్మ నన్ను రాత్రి బస్సులో అనంతపురం తెచ్చి పెద్దమ్మ ఇంట్లో పెట్టింది. పొట్ట కనపడకుండా దారి పొడవునా తన కొంగు నా మీద కప్పే ఉంచింది. మా నాయన మగ్గం గుంతలో నుంచి తలెత్తి కూడా చూడలేదు.

కాన్పు ఒక నర్సింగ్ హోంలో అయింది. మూడో రోజు అక్కడ పనిచేసే ఒకామె మంచం పక్కకొచ్చి, "బిడ్డల్లేనోళ్లు ఉన్నారు, రెండు లచ్చలిస్తారు, కాయితాలేమీ ఉండవు" అనింది. మాయమ్మ వెంటనే వద్దనలేదు. ఆమె మీద నాకు కోపం లేదు, అప్పటికి ఇంట్లో ఎంత అప్పుందో నాకూ తెలుసు. పెద్దమ్మ వాళ్ల పక్కింటి అంగన్‌వాడీ టీచరక్క మాత్రం గట్టిగా అరిచింది: "అది అమ్ముకున్నట్టే! ఐదేళ్ల దాకా జైలు, లక్ష జరిమానా. రేపు ఆ బిడ్డ ఎవరి చేతిలో ఉన్నాడో మీకు ఎవరు చెప్తారు? ఇయ్యాలనుకుంటే దానికొక దారుంది." ఆమే పిల్లల సాయం నంబరు 1098కు ఫోన్ చేసింది. ఆ అక్క ఆ రోజు లేకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి.

కమిటీలో ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. తిడతారనుకొని పోయినా. ఎవరూ ఒక్క మాట అనలేదు. ముందు కౌన్సెలింగ్ చేసినారు. పెద్దమ్మను బయటికి పంపి, "నిన్నెవరైనా బలవంతం చేస్తున్నారా?" అని మళ్లీ మళ్లీ అడిగినారు. పెళ్లి కాని తల్లయితే తల్లి సంతకం ఒక్కటే చాలునంట. పత్రమంతా చదివి వినిపించినాక ఒక మేడమ్ అనింది: "అరవై రోజులు గడువుంది తల్లీ. మనసు మారితే వచ్చి అడుగు. అంతవరకూ ఈ బిడ్డను ఎవరికీ దత్తతకు చూపించం." 2015 నాటి బాలల న్యాయ చట్టంలోనే ఆ గడువు ఉంది. ఆ మాట చెవిన పడింది గానీ ఆ రోజు నా తలకెక్కలేదు.

పాలు ఇంకాలని పెద్దమ్మ మల్లెపూలు రొమ్ములకు కట్టింది. పగలంతా పూలు వాడిపోయేవి, రాత్రి మళ్లీ కొత్తవి కట్టేది. ఆ వాసనతోనే ఏడ్చేదాన్ని. ఇప్పటికీ మల్లెపూలు తలలో పెట్టుకోలేను.

ఆగస్టు 1న అతను వచ్చినాడు. మాతో చదివిన ఒకామె చెప్పిందంట. ఇంటికి రావద్దని బస్టాండుకు పోయినా. క్షమించమంటాడని, నాలుగు మాటలు అడుగుదామని సిద్ధంగా ఉన్నా. అతను బెంచీ మీద నా పక్కన కూర్చొని, చాలాసేపటికి, "ఎవరి పోలిక?" అన్నాడు.

చెప్పలేకపోయినా. వాని మొహం నేను సరిగా చూడలేదు. చూస్తే ఇయ్యలేనని భయం. పాలిచ్చినన్నాళ్లూ కాళ్లే చూసుకుంటా ఉన్నా. "ఎడమ మడమ మీద చింతగింజంత మచ్చుంది" అన్నా. అంతే, ఇద్దరమూ బస్టాండు మధ్యలో, జనం చూస్తాండగానే ఏడ్చినాం.

అప్పుడు మేడమ్ మాట గుర్తొచ్చింది. వేళ్ల మీద లెక్కపెట్టినా. నలభై మూడు అయిపోయినాయి, పదిహేడు మిగిలినాయి. ఆగస్టు 18 ఆఖరు. నడుమ రెండు ఆదివారాలు, పదహైదో తేదీ సెలవు. "నిన్ను క్షమించినట్టు కాదు. ముందు బిడ్డ" అని చెప్పి లేచినా.

మూడో తేదీన తెల్లకాయితం మీద నా చేత్తో రాసిన అర్జీ, అప్పగింత పత్రం నకలు, ఆధార్, ఆసుపత్రి కాయితాలు పట్టుకొని పోయినాం. ఆ నకలు పారేయకుండా పెట్టె అడుగున దాచింది పెద్దమ్మే. ఇద్దరినీ వేరువేరుగా కూర్చోబెట్టి మాట్లాడినారు. పెళ్లి చేసుకుంటారా అని అడిగితే అతను చేసుకుంటామన్నాడు, నేను ఇంకా తెలీదన్నా. తెలీదన్నందుకు బిడ్డను ఇయ్యరేమోనని గుండె జారిపోయింది. మేడమ్, "దానికీ దీనికీ ముడి పెట్టుకోవద్దు. వాణ్ణి పెంచుకోగలవా లేదా, అది చెప్పు" అనింది.

తర్వాత జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచి ఒకామె పెద్దమ్మ ఇంటికొచ్చింది. రాబడి ఎంత, నేను పనికి పోతే బిడ్డను ఎవరు చూస్తారు అని అడిగి రాసుకుంటాంది. నేను నీళ్లు నములుతుంటే వంటింట్లో నుంచి మాయమ్మ వచ్చింది. "నేను చూసుకుంటా. నా మనవడు" అనింది. పరాయి మనిషి ముందర మాయమ్మ వాణ్ణి మనవడనడం అదే మొదలు.

పదకొండో తేదీ ఉత్తర్వు చేతికొచ్చింది. శిశుగృహలో ఆయమ్మ వాణ్ణి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. రెండు నెలలకు బుగ్గలొచ్చినాయి, గుర్తుపట్టలేదు. అతను మెల్లగా సాక్సు లాగి మడమ చూసినాడు. నేను మొహం చూసినా. ఎంతసేపు చూసినానో నాకు తెలీదు. నా పాలు ఇంకిపోయినాయని చెబితే ఆయమ్మే పొడి ఎంత, కాచి చల్లార్చిన నీళ్లెంత అని దగ్గరుండి రెండుసార్లు కలిపించింది.

బిడ్డను ఇచ్చేయడం పాపమని నేను ఎప్పటికీ అనను. అతను రాకపోయి ఉంటే, మాయమ్మ నోరు తెరవకపోయి ఉంటే వాడు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న ఏ ఇంట్లోనో సుఖంగానే పెరిగేవాడు. కానీ ఒకసారి దత్తత అయిపోతే కన్నోళ్లకు వెతుక్కునే హక్కుండదు. పద్దెనిమిదేళ్లు నిండినాక వాడే కన్నోళ్లెవరని అడుక్కోవాల. అది తెలిసినాక చాలా రాత్రులు నిద్ర పట్టలేదు.

అతనితో మళ్లీ కలిసింది ఆ బస్టాండులో కాదు. రాత్రి రెండు గంటలకు వాడు ఏడిస్తే నన్ను లేపకుండా, ఫోన్ వెలుతురులో సీసా మీద గీత చూసుకుంటా పాలు కలుపుతాంటే చూసినానే, అప్పుడు. ఆరు నెలల తర్వాత రిజిస్టరు పెళ్లి చేసుకున్నాం. వాని జనన ధ్రువపత్రంలో నా పేరొక్కటే ఉండేది. పెళ్లి కాని తల్లి అఫిడవిట్ ఇస్తే చాలు, పత్రం ఇయ్యాల్సిందేనని 2015లోనే సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి దానికి ఇబ్బంది పడలేదు. నాయన పేరు ఎక్కించేదానికి ఇద్దరమూ కాయితాలు పెట్టుకున్నాం, ఇంకా తిరుగుతానే ఉన్నాం.

మా నాయన ఇంకా నాతో మాట్లాడడు. మొన్న ఉగాదికి ముగ్గురమూ పగటి బస్సుకే ఉరవకొండ పోయినాం. మాయమ్మ స్టాండులో ఎదురుచూస్తాంది. బస్సు దిగీదిగకముందే వాణ్ణి చంకనేసుకుంది. కొంగు కప్పకుండా, బజారు నడిమిట్లో ఇంటిదాకా ఎత్తుకొని నడిచింది.