పేరు రాయని పటాలు

గద్వాల కోటను, అందులోని చెన్నకేశవస్వామి ఆలయాన్ని చూసుకొని తిరిగి వస్తూ, పాలమూరు ప్రాంతపు ఒక పాత సంస్థాన కుటుంబం వారి ఇంట్లో ఒక మధ్యాహ్నం గడిపాను. వారి కోరిక మేరకు ఇంటిపేరు, ఊరు ఇక్కడ రాయడం లేదు. 1948లో నిజాం పాలన ముగిశాక వనపర్తి రాజభవనం పాలిటెక్నిక్ కళాశాల అయింది, గద్వాల కోటలోనూ కళాశాల నడుస్తోంది. అందువల్ల ఆ భవనాలలోకి ఎవరైనా వెళ్లి రావచ్చు గాని, ఆనాటి మనుషుల ముఖాలు చూడాలంటే మాత్రం వారసుల ఇళ్ల తలుపు తట్టవలసిందే.

హాలులో ఎదురుగా ఉన్న దొరవారి నిలువెత్తు పటాన్ని దూరం నుంచి తైలవర్ణ చిత్రమే అనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే అది ఫోటో మీద రంగులు అద్దినది. ముఖం మీద రంగును ఎంత పలుచగా పూశారంటే, కింది ఫోటోలోని కంటి ముడతలు కూడా చెక్కుచెదరలేదు. తలపాగా జరీ, మెడలోని ముత్యాలు మాత్రం వేలికి తగిలేంత మందంగా ఉన్నాయి. చిత్రకారుడి ఓర్పంతా ఆ ముత్యాలలోనే కనిపించింది.

లోపలి గదిలో ఆడవాళ్ల పటాలు పదకొండు ఉన్నాయి. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్, పరాయి మగవారి కంటపడని ఘోషా స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఈ పటాలు అక్కడివని చెప్పే గుర్తేదీ లేదు. అయినా కెమెరా ముందు బెదురు లేకుండా కూర్చున్న ఆ తీరు చూస్తే, ఫోటో తీసింది ఆడమనిషేనని నాకు గట్టిగా అనిపించింది. మగవారి పటాల కింద బిరుదులతో సహా ఇత్తడి రేకులు బిగించారు. వీటికి చిన్న చీటీ కూడా లేదు, అది నన్ను చాలా బాధించింది.

"ఈమె మా నాయనమ్మ, ఆ పక్కన మా మేనత్త. సంగీతం బాగా వచ్చేదట నాయనా," అంటూ ఎనభై దాటిన ఆ ఇంటి పెద్దమ్మగారు చేతికర్ర ఊతంతో ఒక్కొక్క పటం దగ్గరా ఆగారు. నేను కాగితం, పెన్సిలు అడిగి తీసుకొని ఆమె చెప్పినట్టే రాసుకుంటూ నడిచాను. దీపాలు పెట్టే వేళకు ఎనిమిది పేర్లు తేలాయి. తొమ్మిదో పటం ముందు ఆమె చాలాసేపు నిలబడి, పేరు గుర్తుకు రాక, కొంగుతో అద్దం తుడిచారు.